స్కాన్ నార్మల్ అన్నారు, కానీ బాబు కళ్ళు ఇంకా పచ్చగానే ఉన్నాయి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. బాబుకి ఇవాళ్టికి 41 రోజులు. పుట్టిన మూడో రోజున కామెర్లు వచ్చాయి, రెండు రోజులు లైట్ల కింద పెట్టి ఇంటికి పంపారు. కళ్ళలో పసుపు మాత్రం అప్పట్నుంచీ పూర్తిగా పోనేలేదు. పాలు బాగా తాగుతున్నాడు, బరువు పెరుగుతున్నాడు. మొన్న చేయించిన రక్తపరీక్షలో మొత్తం బిలిరుబిన్ 8.6, అందులో డైరెక్ట్ 5.1. పొట్ట అల్ట్రాసౌండ్ స్కాన్ రిపోర్టులో మూడే ముక్కలున్నాయి: లివర్ నార్మల్, గాల్‌బ్లాడర్ కుంచించుకుని ఉంది, పిత్తనాళాలు ఉబ్బలేదు. స్కాన్ బాగానే ఉంది కాబట్టి నెల తర్వాత మళ్ళీ చూద్దామన్నారు. ఆగొచ్చా అని మీరు అడిగారు.

ఆగకండి. ఈ వారంలోనే, కుదిరితే రేపే, పిల్లల లివర్ జబ్బులు చూసే డాక్టరూ పిల్లల సర్జనూ ఇద్దరూ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి. నేను ఇరవై ఏళ్ళకు పైగా పసిపిల్లల పొట్టలు స్కాన్ చేస్తున్నాను. మీ బాబుకి ఏముందో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. కానీ ఆ మూడు ముక్కల రిపోర్టు చూసి నెల రోజులు ధైర్యంగా కూర్చోవడం మాత్రం తగదు. ఎందుకో వివరంగా చెప్తాను. రేపు డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో కూడా మీకు తెలియాలి కదా.

ముందు ఆ 5.1 సంగతి. ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు బిలిరుబిన్ పుడుతుంది. లివర్ దాన్ని పట్టుకుని, నీళ్ళలో కరిగేలా మార్చి, పిత్తరసంలో కలిపి పేగులోకి వదులుతుంది. లివర్ మార్చకముందు ఉన్నది ఇన్‌డైరెక్ట్, మార్చాక ఉన్నది డైరెక్ట్. అప్పుడే పుట్టిన పిల్లల్లో ఎక్కువమందికి వచ్చే కామెర్లు మొదటి రకం. లివర్‌కి ఇంకా పని అలవాటు కాలేదు, అంతే. నెలలు నిండి పుట్టిన బిడ్డలో ఇవి రెండు వారాల్లో, నెలలు నిండకుండా పుడితే మూడు వారాల్లో సర్దుకుంటాయి. తల్లిపాల వల్ల వచ్చే కామెర్లు ఇంకా సాగుతాయి, ఒక్కోసారి రెండు మూడు నెలల దాకా కూడా. కానీ అందులోనూ పెరిగేది ఇన్‌డైరెక్టే. లైట్లు పనిచేసేదీ దాని మీదే.

డైరెక్ట్ 1 దాటిందంటే లెక్క మారిపోతుంది. లివర్ తన పని తాను చేసింది, తయారైన సరుకు మాత్రం పేగులోకి దిగకుండా తిరిగి రక్తంలోకి ఎగదన్నుతోంది. దారి ఎక్కడో మూసుకుని ఉండాలి, లేదా లివర్ కణాలే దెబ్బతిని దాన్ని బయటికి తొయ్యలేకపోతూ ఉండాలి. ఈ రెండింటిలో ఏది అన్నదే అసలు ప్రశ్న. మొదటిదైతే సర్జన్ కావాలి, అదీ త్వరగా. రెండోదైతే ఎక్కువ భాగం మందుల పని. రెండు వారాలు దాటిన ఏ కామెర్లకైనా డైరెక్ట్ ఎంతో చూడాలని చెప్పేది ఇందుకే. మొత్తం బిలిరుబిన్ ఒక్కటే చూసి "8 అంటే పెద్ద ఎక్కువేం కాదు" అనుకునే వాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. మొదటి వారంలో 15 ఉన్న బిడ్డ కంటే ఆరో వారంలో డైరెక్ట్ 5 ఉన్న బిడ్డ విషయంలోనే నేను ఎక్కువ తొందరపడతాను.

ఇన్‌డైరెక్ట్ కామెర్లలో పొట్ట స్కాన్‌తో పెద్దగా పనిలేదు. కష్టమైన కాన్పులో ఒక్కోసారి బిడ్డ కిడ్నీ పైనుండే అడ్రినల్ గ్రంథిలో రక్తం గడ్డకట్టి, అది కరుగుతూ కామెర్లు తెస్తుంది. అది స్కాన్‌లో దొరుకుతుంది. నాలుగైదు వారాల బిడ్డ పాలు పట్టిన ప్రతిసారీ దూరంగా చిమ్మేలా కక్కుకుంటూ పచ్చబడితే జీర్ణాశయం చివరి కండరం మందమైందేమో చూస్తాం. ఇలాంటివి ఒకటి రెండు తప్పితే, స్కాన్ అక్కరకొచ్చేది మీ బాబుకున్న డైరెక్ట్ రకంలోనే.

ఇక మీరు రాయని విషయం ఒకటుంది: మోషన్ రంగు. స్కాన్ మిషన్ కంటే ముందు చూడాల్సింది అదే. పిత్తరసం పేగులోకి దిగితేనే మలానికి పసుపు, ఆకుపచ్చ, గోధుమ రంగులు వస్తాయి. దిగకపోతే సుద్దలాగా, బంకమట్టిలాగా, పాలిపోయిన క్రీము రంగులో ఉంటుంది. డైపర్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి పగటి వెలుతురులో చూడండి. ట్యూబ్‌లైట్ కింద లేత పసుపూ తెలుపూ ఒకేలా కనపడి మోసం చేస్తాయి. పక్కన తెల్ల కాగితం పెట్టి పోల్చండి. ఇంకో సంగతి, పైపైన చూసి వదిలెయ్యొద్దు. కామెర్లు బాగా ఉన్న బిడ్డకి పేగు గోడ నుంచి ఊరే స్రావాలే పసుపుగా ఉండి మలం మీద పైపూతలా అంటుకుంటాయి. ఒక పుల్లతో విడదీస్తే లోపల తెల్లగా బయటపడుతుంది. నా దగ్గరికి వచ్చే తల్లుల్ని డైపర్ పారేయకుండా మూటగట్టి తెమ్మంటాను. "మోషన్ పసుపుగానే వెళ్తోందండీ" అని చెప్పి, డైపర్ విప్పగానే మాట ఆగిపోయిన వాళ్ళని ఎంతమందినో చూశాను. అది వాళ్ళ తప్పు కాదు. మొదటి బిడ్డ అయితే ఏ రంగు ఎలా ఉండాలో ఎవరికి తెలుస్తుంది? తైవాన్‌లో 2004 నుంచి ప్రతి బిడ్డ తల్లికీ మలం రంగుల బొమ్మలున్న కార్డు ఇస్తున్నారు, ఇంట్లోనే పోల్చి చూసుకోవడానికి. అంత చిన్న కార్డుతో అక్కడ జబ్బు ముందుగా పట్టుబడటం, ఆపరేషన్ వేళకి జరగడం బాగా మెరుగుపడ్డాయి.

మూత్రం కూడా చూడండి. ఈ వయసు బిడ్డ మూత్రం దాదాపు నీళ్ళలా ఉండాలి. గుడ్డకి పచ్చటి మరక పడుతోందంటే డైరెక్ట్ బిలిరుబిన్ కిడ్నీల గుండా పోతోందన్నమాట.

అన్నిటికంటే ముందు మేం భయపడే జబ్బు పేరు బిలియరీ అట్రీషియా. లివర్ నుంచి పేగుకి పిత్తం మోసుకెళ్ళే నాళాలు వాచి, మచ్చకట్టి, పూడుకుపోతాయి. అరుదైనదే, చాలా దేశాల్లో పదివేల నుంచి పదిహేను వేల కాన్పులకి ఒకటి. అయినా ప్రపంచంలో పిల్లలకి జరిగే లివర్ మార్పిడులకి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. ఇందులో ఉన్న మోసం ఏమిటంటే, మొదటి రెండు నెలలు బిడ్డ హాయిగా కనిపిస్తాడు. పాలు తాగుతాడు, నవ్వుతాడు, బరువు పెరుగుతాడు. మీరు "బాగా తాగుతున్నాడు, బరువు పెరుగుతున్నాడు" అని రాసిన వాక్యం నాకు ఊరట ఇవ్వకపోవడానికి కారణం అదే.

ఇప్పుడు రిపోర్టులోని మూడో ముక్క చూద్దాం, "పిత్తనాళాలు ఉబ్బలేదు". ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది ఈ మాటే. పెద్దవాళ్ళలో పిత్తనాళానికి రాయి అడ్డం పడితే, ఆనకట్ట వెనక నీళ్ళు నిలిచినట్టు పైభాగమంతా ఉబ్బిపోతుంది. స్కాన్‌లో ఉబ్బు కనపడకపోతే "అడ్డు లేదు" అంటాం. పెద్దవాళ్ళ విషయంలో ఆ లెక్క చాలావరకు సరిపోతుంది. బిలియరీ అట్రీషియాలో ఆ లెక్క చెల్లదు. ఇక్కడ ఉబ్బాల్సిన నాళమే మచ్చకట్టి తాడులా అయిపోయింది. ఉబ్బడానికి గొట్టమే మిగల్లేదు. కాబట్టి ఆరు వారాల బిడ్డలో నాళాలు ఉబ్బలేదు అంటే అడ్డు లేదని అర్థం కాదు. అట్రీషియా ఉన్న పిల్లల్లో చాలామంది రిపోర్టుల్లో కూడా ఇదే వాక్యం ఉంటుంది.

అయితే ఉబ్బు కనపడితే మాత్రం స్కాన్ గొప్ప మేలు చేస్తుంది. ఈ వయసులో ప్రధాన పిత్తనాళం ఒక మిల్లీమీటరు, మహా అయితే రెండు. అది సంచిలా ఉబ్బి ఉంటే కొలిడోకల్ సిస్ట్ అనే పుట్టుకతో వచ్చే లోపం కావచ్చు. దానికీ ఆపరేషన్ ఉంది, ఫలితం బాగుంటుంది. ఇక్కడా ఒక జాగ్రత్త కావాలి. లివర్ గుమ్మం దగ్గర, అంటే రక్తనాళాలూ పిత్తనాళమూ లివర్‌లోకి వెళ్ళే చోట, చిన్న నీటితిత్తి కనపడి, లివర్ లోపలి నాళాలు మాత్రం అస్సలు ఉబ్బకపోతే అది తిత్తితో కూడిన అట్రీషియా కావచ్చు. సిస్టే కదా, నిదానంగా చేద్దామనుకుంటే సమయం చేజారిపోతుంది. ఇవి కాక, చిక్కబడిన పిత్తం నాళంలో మడ్డిలా పేరుకుని అడ్డం పడటం, అరుదుగా నాళం తనంతట తానే చిల్లుపడి పొట్టలో పిత్తం కారడం, రాళ్ళు, లివర్‌లో గడ్డలు, ఇవన్నీ స్కాన్ చూపిస్తుంది.

రెండో ముక్క, "గాల్‌బ్లాడర్ కుంచించుకుని ఉంది". నేను మీ ఎదురుగా ఉంటే మొదట అడిగే ప్రశ్న, స్కాన్‌కి ఎంతసేపటి ముందు పాలు పట్టారు? గాల్‌బ్లాడర్ పిత్తాన్ని దాచుకునే తిత్తి. కడుపులో పాలు పడగానే ముడుచుకుని పిత్తాన్ని వదిలేస్తుంది. కాబట్టి పాలు పట్టిన గంటకి స్కాన్ చేస్తే నిక్షేపంలాంటి బిడ్డలో కూడా అది ముడుచుకునే కనపడుతుంది. దాని మీద ఏం రాసినా ప్రయోజనం లేదు. కనీసం నాలుగు గంటలు పాలు లేకుండా ఉంచి చూడాలి. ఇంత చిన్న పిల్లల్ని నాలుగు గంటలు ఆపడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే నేను పొద్దున్నే మొదటి స్కాన్‌గా పెట్టుకుంటాను, రాత్రి పట్టిన పాలకీ దానికీ మధ్య సమయం కలిసొస్తుందని.

స్కాన్ ఎలా జరగాలో కళ్ళకు కట్టినట్టు చెప్తాను, మళ్ళీ చేయించేటప్పుడు మీకు తేడా తెలుస్తుంది. గది వెచ్చగా ఉండాలి, జెల్ కూడా గోరువెచ్చగా ఉండాలి. చల్లటి జెల్ పొట్ట మీద పడితే బిడ్డ గుక్కపట్టి ఏడుస్తాడు, పొట్ట బిగుసుకుంటుంది, ఇక ఏమీ కనపడదు. తల్లి తల దగ్గర నిలబడి చిటికెన వేలు నోటికిస్తుంది, బిడ్డ దాన్ని చీకుతూ కాసేపు నెమ్మదిస్తాడు. ఆ కాసేపే మాకు దొరికే సమయం. పెద్దవాళ్ళకి వాడే వంపు ప్రోబ్‌తో (పొట్ట మీద ఆనించే పరికరం) మొత్తం పొట్ట ఒకసారి చూసినా, అసలు పని మాత్రం ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న బల్లపరుపు ప్రోబ్‌తో. మెడలో థైరాయిడ్ చూడ్డానికి వాడతారే, ఆ రకం. ఎందుకంటే మేం వెతికేవి ఒకటి రెండు మిల్లీమీటర్ల వస్తువులు. ఊపిరికి లివర్ పైకీ కిందికీ జారుతుంటే దాని అడుగున గాల్‌బ్లాడర్‌ని పట్టుకుని పొడవునా తెరమీదికి తెస్తాం. ఆరోగ్యంగా ఉన్నది చిన్న బేరిపండు ఆకారంలో, నల్లటి పిత్తంతో నిండి, చుట్టూ సన్నటి తెల్లటి గీత గీసినట్టు నున్నటి అంచుతో ఉంటుంది. అట్రీషియాలో అదే గాల్‌బ్లాడర్ ఎండిపోయిన చిక్కుడుకాయలా, వంకరటింకరగా, పొడవు 19 మిల్లీమీటర్ల లోపు, లోపలి నున్నటి పొర కనపడకుండా ఉంటుంది. ఈ మూడు లక్షణాలూ కలిస్తే మేం ఘోస్ట్ గాల్‌బ్లాడర్ అంటాం. ఒక్కోసారి ఎంత వెతికినా గాల్‌బ్లాడరే దొరకదు.

అలాగని చిన్నగా ఉన్న ప్రతి గాల్‌బ్లాడరూ అట్రీషియా కాదు. లివర్ బాగా వాచిన పిల్లల్లో పిత్తమే తయారుకాక అది ఖాళీగా ముడుచుకుని ఉంటుంది. ఎలజీల్ సిండ్రోమ్ అనే జన్యు జబ్బులో కూడా చిన్నదిగా ఉండొచ్చు. తిరగేసి చెప్తే, గాల్‌బ్లాడర్ చక్కగా కనపడినంత మాత్రాన అట్రీషియా లేదనీ చెప్పలేం. కొందరిలో కింది నాళమూ గాల్‌బ్లాడరూ తెరుచుకునే ఉండి, పై నాళాలు మాత్రమే మూసుకుపోతాయి. ఈ రెండో పొరపాటు నేనే చేశాను. నేను పనిలో కుదురుకుంటున్న రోజులవి. ఐదు వారాల పాప, పరగడుపునే చూశాను, గాల్‌బ్లాడర్ పొడవు 25 మిల్లీమీటర్లు. "గాల్‌బ్లాడర్ సాధారణం, అట్రీషియా లేదు" అని రాసి సంతకం పెట్టాను. నా మాట మీద ధైర్యపడి వాళ్ళు ఆగారు. ఆ పాప తిరిగి వచ్చేసరికి పదో వారం దాటింది, లివర్ చేతికి గట్టిగా తగిలింది. ఆపరేషన్‌లో తేలింది అట్రీషియానే. ఆ రోజు నుంచి ఏ పసిబిడ్డ రిపోర్టులోనూ "అట్రీషియా లేదు" అని నేను రాయలేదు. కనపడింది కనపడినట్టు రాస్తాను, అనుమానం ఎంత ఉందో రాస్తాను, తర్వాత ఏ పరీక్ష ఎంత త్వరగా కావాలో రాస్తాను. ఆ పాత ఫిల్ములు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. కొత్తగా చేరిన జూనియర్ డాక్టర్లకి వాటిని చూపించే పాఠం మొదలుపెడతాను. గాల్‌బ్లాడర్ పెద్దదే, కానీ దాని లోపలి తెల్లగీత అక్కడక్కడా తెగి ఉంది. అది అప్పుడు నా కంటికి ఆనలేదు.

పరగడుపున ఒకసారి చూశాక, పాలు పట్టించి మళ్ళీ చూడటం కూడా నాకు అలవాటు. బాగా ముడుచుకుంటే దారి తెరిచి ఉందనడానికి కొంత ఆధారం. ఖాయమైన సాక్ష్యమేమీ కాదు, కానీ మిగతా వాటితో కలిపి చూస్తే పనికొస్తుంది.

గాల్‌బ్లాడర్ తర్వాత మేం వెతికేది లివర్ గుమ్మం దగ్గర. మచ్చకట్టిన నాళం అక్కడ తెల్లటి ముక్కోణపు ముద్దలా, పోర్టల్ సిర (పేగుల నుంచి లివర్‌కి రక్తం తెచ్చే సిర) కొమ్మకి ముందువైపు అతుక్కుని కనపడుతుంది. 1996లో కొరియా డాక్టర్లు దీన్ని వర్ణించి ట్రయాంగ్యులర్ కార్డ్ సైన్ అని పేరు పెట్టారు. కుడి కొమ్మ ముందుగోడ దగ్గర కొలిస్తే మందం నాలుగు మిల్లీమీటర్లు దాటాలి. స్పష్టంగా కనపడితే అట్రీషియా అనుమానం చాలా బలపడుతుంది. కానీ ఇదొక్కటే పట్టుకుని కూర్చోకూడదు. మరీ చిన్న వయసులో ఆ మచ్చ ఇంకా పలచగా ఉండి దొరక్కపోవచ్చు. లివర్ వాపు ఉన్న పిల్లల్లో రక్తనాళాల చుట్టూ తెల్లగా కనపడి అదే ఇదేమోనని భ్రమ కలిగించొచ్చు. ప్రోబ్ పట్టిన చేతికి ఎంత అనుభవం ఉంటే అంత నమ్మకం, ఉన్నమాట ఇదే.

రక్తం పారే తీరుని రంగుల్లో చూపించే కలర్ డాప్లర్ పెట్టి లివర్ ధమనిని కూడా చూస్తాం. అట్రీషియాలో అది లావెక్కుతుంది. ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటితే నేను రెండోసారి కొలుస్తాను. లివర్ పైపొర కింద అంచుదాకా రక్తం పారుతున్నట్టు రంగు చుక్కలు కనపడితే అనుమానం ఇంకా పెరుగుతుంది. ఆపైన ప్లీహం, గుండె వైపు వెళ్ళే పెద్ద సిర, పొట్టలో అవయవాలు సరైన పక్కనే ఉన్నాయా లేదా. అట్రీషియా ఉన్న పిల్లల్లో ఇంచుమించు పదిమందిలో ఒకరికి ప్లీహం ముక్కలుగా విడిపోయి ఉండటమో, అవయవాలు అటుదిటు మారి ఉండటమో కనపడుతుంది. డైరెక్ట్ కామెర్లున్న బిడ్డలో అవి కనపడితే నేను రిపోర్టు టైపు అయ్యేదాకా ఆగను, ఫోన్ తీసి డాక్టరుకి చెప్పేస్తాను.

మీ రిపోర్టులో ఇవేవీ లేవు. ఎంతసేపు పాలు ఆపారో లేదు, గాల్‌బ్లాడర్ పొడవు లేదు, గోడ ఎలా ఉందో లేదు, లివర్ గుమ్మం సంగతి లేదు, ధమని లేదు, ప్లీహం లేదు. ఆ స్కాన్ చేసిన వాళ్ళని నేను తప్పుపట్టను. వాళ్ళు పొద్దుటినుంచి పెద్దవాళ్ళ పొట్టలు చూసి ఉంటారు, పొట్ట స్కాన్ అని రాసిచ్చారు, పొట్ట చూశారు. రాసిచ్చే కాగితం మీద "41 రోజుల బాబు, డైరెక్ట్ 5.1, బిలియరీ అట్రీషియా అనుమానం" అని ఉండుంటే అదే మనిషి ఇంకోలా చూసేవారు. ఈసారి మీరు దగ్గరుండి ఆ వాక్యం రాయించుకోండి. పసిపిల్లల్ని తరచుగా చూసే చోటే చేయించండి.

ఇంకో మాట, మళ్ళీ చేసే స్కాన్ కోసం మిగతా పరీక్షలు ఆపొద్దు. అన్నీ ఒకేసారి నడవాలి. అన్నిటికంటే ముందు రక్తం గడ్డకట్టే పరీక్ష. పిత్తం పేగులోకి దిగకపోతే విటమిన్ కె ఒంటికి పట్టదు. ఇలాంటి కొందరు పిల్లల్లో జబ్బు మొదటిసారి బయటపడేది మెదడులో రక్తస్రావంతోనే. పుట్టినప్పుడు ఇంజెక్షన్ ఇచ్చారుగా అనుకోవద్దు, మళ్ళీ ఇవ్వాల్సి రావచ్చు. బొడ్డు దగ్గర, ముక్కులోంచి, సూది గుచ్చిన చోట రక్తం ఆగకపోయినా, బాబు మగతగా పడి ఉన్నా, నుదుటిపైన మాడు ఉబ్బినా రేపటిదాకా చూడకండి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి.

మిగతా లివర్ ఎంజైములతో పాటు జీజీటీ అనే ఎంజైము కూడా చూస్తారు, అట్రీషియాలో అది సాధారణంగా బాగా పెరుగుతుంది. థైరాయిడ్, మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్తంలో ఇన్ఫెక్షన్, గెలాక్టోసీమియా (పాలలోని చక్కెర ఒంటికి పడని పుట్టుక జబ్బు), ఇవి మందులతోనో పాలు మార్చడంతోనో దారికొచ్చేవి, కాబట్టి తప్పకుండా వెతకాలి. అలాగని మీ అంతట మీరు పాలు ఆపకండి, ఆపాల్సి వస్తే డాక్టరే చెప్తారు. ఎండలో పడుకోబెడితే డైరెక్ట్ కామెర్లు తగ్గవు.

హిడా స్కాన్ అనే మాట కూడా మీకు వినపడుతుంది. సిరలోకి కొద్దిగా రేడియోధార్మిక మందు ఇచ్చి అది పేగులోకి చేరుతుందా లేదా అని చూస్తారు. చేరితే అట్రీషియా దాదాపు లేనట్టే. చేరకపోతే మాత్రం అట్రీషియా అని తేలిపోదు, లివర్ బాగా వాచినా చేరదు. దీనికి ముందు ఐదు రోజులు ఫినోబార్బిటాల్ మందు ఇచ్చే పద్ధతి ఉంది. మూడు వారాల బిడ్డకైతే నేనూ సరే అంటాను. ఆరు వారాల బిడ్డలో, మలం తెల్లగా ఉండి, గాల్‌బ్లాడర్ అనుమానంగా ఉంటే ఆ ఐదు రోజులు కూడా నాకు ఖరీదుగానే అనిపిస్తాయి. అలాంటప్పుడు నేరుగా లివర్ బయాప్సీకి (సూదితో లివర్ ముక్క తీసి పరీక్షించడానికి) వెళ్ళడమే మేలని నా అభిప్రాయం. చివరికి ఖాయంగా తేలేది ఆపరేషన్ బల్ల మీదే. గాల్‌బ్లాడర్‌లోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు. మందు అటు లివర్‌లోకీ ఇటు పేగులోకీ పారితే అట్రీషియా కాదని తేలిపోయి అక్కడితో ఆపేస్తారు. పారకపోతే అదే మత్తులో ఆపరేషన్ కొనసాగిస్తారు.

ఆ ఆపరేషన్‌కి జపాన్ సర్జన్ మోరియో కసాయ్ పేరు. 1950లలో ఆయన మొదలుపెట్టేదాకా ఇలాంటి పిల్లల్లో ఎక్కువమందికి చేయగలిగిందేమీ లేదని సర్జన్లు పొట్ట మూసేసేవాళ్ళు. ఎండిపోయిన నాళాన్ని తీసేసి, లివర్ గుమ్మానికే పేగు ముక్కని తెచ్చి కుడతారు. అక్కడ మిగిలిన కంటికి ఆనని సన్నటి నాళాల్లోంచి పిత్తం పేగులోకి ఊరుతుంది. వేళకి చేస్తే అనుభవమున్న చోట దాదాపు సగంమందికి కామెర్లు పోతాయి. కొందరు సొంత లివర్‌తోనే పెద్దవాళ్ళవుతారు. మిగతావాళ్ళకి కూడా లివర్ మార్పిడి దాకా ఎదగడానికి సమయం దొరుకుతుంది. 60 రోజుల లోపు చేస్తే ఫలితం మేలు, ఇంకా ముందైతే ఇంకా మేలు. రోజులు గడిచేకొద్దీ లివర్ లోపలి నాళాలు కూడా మచ్చకడుతూ పోతాయి. ఇప్పుడు మీ లెక్క చూడండి. 41కి 30 కలిపితే 71. నెల తర్వాత అన్న మాట చదివి నేను ఉలిక్కిపడింది ఈ కూడికకే.

బాబుకి అట్రీషియా కాకపోవచ్చు. డైరెక్ట్ కామెర్లున్న పిల్లల్లో ఎక్కువమందికి కారణం వేరే ఏదో ఉంటుంది, వాళ్ళలో చాలామంది మందులతోనో కాలంతోనో కోలుకుంటారు. అలా తేలితే నాకంటే సంతోషించే వాళ్ళుండరు. ఆ సంగతి ఈ వారంలో తేలాలి, అంతే నేను అడిగేది.

రేపు వెళ్ళేటప్పుడు పుట్టినప్పటి కాగితాలు, బరువు రాసిన పుస్తకం, రక్తపరీక్షలన్నీ, స్కాన్ రిపోర్టుతో పాటు ఆ ఫిల్ములు కూడా తీసుకెళ్ళండి. పుట్టినప్పుడు విటమిన్ కె ఇచ్చారో లేదో అందులో రాసి ఉందేమో చూసుకోండి. స్కాన్ అదే రోజు చేస్తామంటే చేయొచ్చు కాబట్టి చివరిసారి పాలు ఎన్నింటికి పట్టారో చీటీ మీద రాసుకోండి. సంచిలో ఒక సీసా పాలో, మీరు పట్టేట్టయితే మీరో, స్కాన్ అయిన మరుక్షణం సిద్ధంగా ఉండాలి, రెండోసారి చూడ్డానికి. పొద్దున్నే మార్చిన డైపర్ పారేయకుండా మూటగట్టి పట్టుకెళ్ళండి. కిటికీ దగ్గర దాన్ని విప్పి చూశాక ఏ రంగులో ఉందో, లోపల విడదీస్తే ఏ రంగో నాకు ఇక్కడే రాయండి. నేను చూస్తూ ఉంటాను.